విశాఖ విహారయాత్ర: పిల్లల్ని పంపే ముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లల్ని ఈసారి విశాఖపట్నం తీసుకెళ్తున్నాం. బొర్రా గుహలు, సింహాచలం, జూపార్కు కూడా కలపమని కొందరు అడిగారు. ఒక్క రోజులో అన్నీ కలిపితే ఊరంతా బస్సు కిటికీలోంచే చూసినట్టవుతుంది. బొర్రాకు వెళ్లి రావడానికే రోజు సరిపోతుంది. అందుకే కొన్నిచోట్లే పెట్టుకున్నాం. సోమవారం కుర్సుర జలాంతర్గామి మ్యూజియానికి సెలవు కాబట్టి ప్రయాణం మంగళవారం.

పొద్దున్నే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. అక్కడ నీడ దొరకదు, ఎండెక్కేలోపే తిరిగి రావాలి. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో బయటపడ్డ ఇసుకను గాలి పోగేసింది. రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు వల్ల ఆ ఎరుపు. వాన నీరు కోసుకుంటూ పోయి లోయలు చేసింది. చూపుకు గట్టిగా ఉన్నా అంచులు ఇట్టే జారిపోతాయి. అంచున నిలబడి ఫొటోలు దిగొద్దని ఇంట్లో కూడా చెప్పండి. దారిలోనే తొట్లకొండ బౌద్ధారామం, రాతిలో తొలిచిన నీటి తొట్లు చూపిస్తాం.

మధ్యాహ్నం బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కుర్సుర. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి ఇది. పొడవు 91 మీటర్లు. లోపల దారి మాత్రం ఒక్కరు నడిచేంతే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారం గుండా, తల వంచి, ముందు కాలు పెట్టి దాటాలి. తొందరపడితే నుదురు తగులుతుంది. టార్పెడోల్ని, అంటే నీటి అడుగున దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధాల్ని, వదిలే గొట్టాలు ముందు భాగంలో ఆరు, వెనక నాలుగు. నీటిపైన డీజిల్ ఇంజన్లు బ్యాటరీల్ని నింపితే, నీటి అడుగున ఆ బ్యాటరీలతోనే మోటార్లు తిరుగుతాయి. ఫిజిక్సు పాఠంగా దీన్ని మించింది దొరకదు. ఇరుకు చోట్లంటే భయపడే పిల్లలుంటే క్లాస్ టీచరుకు ముందే చెప్పండి, వాళ్లను ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం దగ్గర కూర్చోబెడతాం.

సాయంత్రం ఆర్కే బీచ్. నీళ్లలోకి ఎవర్నీ దిగనివ్వం, పాదాలు తడుపుకోవడానికి కూడా. అక్కడ అడుగు ఉన్నట్టుండి లోతవుతుంది. పైగా అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే చాలాసార్లు లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. ఈత వచ్చినవాళ్లూ అక్కడే మోసపోతారు. ఎంత బతిమాలినా ఈ నియమం సడలించం.

చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసి పంపండి. లీటరు నీళ్ల సీసా, టోపీ, రోజూ వేసుకునే మందులుంటే చీటీతో సహా ఇవ్వండి. బస్సులో వాంతులయ్యే పిల్లల పేర్లు అంగీకార పత్రం వెనక రాయండి, ముందు సీట్లు వాళ్లకే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు