తెలుగు ప్లగిన్లను దత్తత తీసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

తెనాలిలో ఇరవై ఏళ్లుగా డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని, చేస్తున్నాను. 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పుస్తకాలను, రచయితలో వారి పిల్లలో ఒప్పుకుంటే, ఏ కంప్యూటర్‌లోనైనా కనబడే యూనికోడ్‌లోకి మార్చి, వర్డ్‌ప్రెస్ అనే సైట్లు నడిపే ప్రోగ్రాంతో పెట్టుకున్న ఒక చిన్న సైటులో పెడుతుంటాను. షాపు మూశాక రోజూ ఒక గంట ఇదే పని. ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్లకు, విద్యార్థులకు ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. మరుసటి ఏడాదే దానికి ప్లగిన్లు వచ్చాయి. అసలు ప్రోగ్రాం జోలికి పోకుండా మనకు కావలసిన పనిని ఒక చిన్న ఫైలులో రాసి తగిలించుకోవచ్చు, వద్దనుకుంటే తీసేయొచ్చు. తెలుగులో రాసేవాళ్లకు ఇది ఎంత అవసరమో చెబుతాను.

వ్యాసం పేరు నుంచే వర్డ్‌ప్రెస్ దాని లింకు తయారు చేస్తుంది. ఆ భాగం 200 గుర్తులు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరం ఒక గుర్తు. మన 'క' మాత్రం లింకులోకి వెళ్లేసరికి శాతం (%) గుర్తులు, అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిసి 9 గుర్తులవుతుంది. గుడికి ఇంకో 9, దీర్ఘానికి ఇంకో 9. 'శ్రీ'లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగున్నాయి కాబట్టి అదొక్కటే 36. 'తెనాలి రచయితల జ్ఞాపకాలు - మొదటి భాగం' అని పెట్టాననుకోండి, 'జ్ఞాపకాలు' దగ్గరికే 191 అయిపోతాయి, మిగతాది తెగిపోతుంది. రెండో భాగానికీ మూడో భాగానికీ అదే లింకు, చివర ఒక అంకె మాత్రం తగులుతుంది. ఐదో భాగం ముందు ఎక్కిస్తే ఆ అంకెలు కూడా తారుమారే. ఆ లింకును వాట్సాప్‌లో పంపితే, బారెడు శాతం గుర్తులు చూసి వైరస్ అనుకుని నొక్కని పెద్దలున్నారు.

ఎవరో పుణ్యాత్ములు తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చే ప్లగిన్ రాసి ఉచితంగా పెట్టారు. ఏళ్ల తరబడి వాడుకున్నాను. కిందటేడు హోస్టింగ్ వాళ్లు, అంటే మా సైటును తమ కంప్యూటర్లలో ఉంచేవాళ్లు, వర్డ్‌ప్రెస్ నడిచే పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషను 8వ వెర్షన్‌కి మార్చారు. పొద్దున్నే చూస్తే సైటు లేదు, తెల్లటి పేజీ మీద 'క్రిటికల్ ఎర్రర్' అని ఒక్క వాక్యం. రెండు వందల పైచిలుకు వ్యాసాలు పోయాయనుకుని ఆ టెన్షన్‌లో అన్నం సయించలేదు.

మా అక్క కొడుకు బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఫోన్ చేస్తే, "కంగారు పడకు మామయ్యా, ప్లగిన్ల ఫోల్డర్‌లోకి వెళ్లి దాని పేరు మార్చు, చాలు" అన్నాడు. మార్చగానే సైటు లేచింది. ఆదివారం వచ్చి ఫైలు తెరిచి చూశాడు. 'క్రియేట్ ఫంక్షన్' అనే పాత పద్ధతి వాడారు, పీహెచ్‌పీ 8లో దాన్ని తీసేశారు. రాసినవాళ్లు కొన్నేళ్లుగా దాన్ని పట్టించుకోలేదు. వాళ్లను తప్పుపట్టను, జీతం లేని పని అది. మార్చాల్సింది ఒక్క లైను.

వర్డ్‌ప్రెస్ అధికారిక డైరెక్టరీలో పెట్టే ప్లగిన్లకు జీపీఎల్ లేదా దానితో పొసిగే లైసెన్సు ఉండాలి. అంటే ఎవరైనా తీసుకుని బాగుచేసి మళ్లీ పంచొచ్చు. ఇక చూసుకోలేమనుకున్నవాళ్లు 'అడాప్ట్ మీ' అని ట్యాగు పెట్టుకునే వీలూ ఉంది. ఫైనలియర్ ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కొచ్చే బదులు, ఆగిపోయిన ఒక తెలుగు ప్లగిన్‌ను దత్తత తీసుకుని ఏడాది పాటు నడిపితే దాన్ని ప్రాజెక్టుగా లెక్కలోకి తీసుకోండి అని లెక్చరర్లను వేడుకుంటున్నాను. వాడేవాళ్లకూ ఒక మాట. డబ్బు పెట్టి కొనాల్సిన ప్లగిన్లను ఎక్కడెక్కడి నుంచో ఉచితంగా దించుకుని వేసుకోకండి. అలాంటి జిప్ ఫైళ్లలో సైటులోకి దొంగదారులు దూర్చి పెడతారు.

కోడ్ రాని మాబోటి వాళ్లకూ ఇందులో పని ఉంది. మావాడు ఆ ప్లగిన్‌ను కొత్తగా రాస్తున్నాడు. మొదట్లో 'కి' అని ఇస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో 'కఇ' అని చదివేలా వచ్చేది, ఎందుకంటే కంప్యూటర్‌కు 'క' వేరు, గుడి వేరు. గుణింతం వస్తే హల్లులోని 'అ' పోవాలని చెప్పాను. తర్వాత సున్నా దగ్గర ఆగాడు. ప, ఫ, బ, భ, మ ముందూ, మాట చివరా 'మ' పలుకుతుంది, మిగతా చోట్ల 'న' అని కాగితం మీద రాసిచ్చాను. 'సంపాదకుడు', 'సంక్రాంతి', 'పుస్తకం' మూడూ సరిగ్గా వచ్చాయి. 'సింహం', 'సంవత్సరం' మాత్రం తప్పు వస్తున్నాయి. 'హ', 'వ' ముందు కూడా 'మ' అనే పెట్టమందామనుకుంటున్నాను. దానికి ఎదురొచ్చే మాటలు ఏవైనా ఉంటే మీ పాఠకుల్లోని తెలుగు మాస్టార్లు పత్రిక ద్వారా తెలియజేస్తే, అవి కూడా చేర్చి డైరెక్టరీకి పంపిస్తాం.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి