గాజులు తొడుక్కున్న ఇనుము

ఒరేయ్ సుబ్బూ,

మా అమ్మ నీ దాకా మోసేసిందన్నమాట. "ఒక్క గిన్నెకి ఇరవై వేలు తగలేశాడు నాయనా" అని అరుగు మీద కూర్చుని మీ అమ్మగారికి కూడా చెప్పే ఉంటుంది. మొన్న నువ్వు ఫోన్ చేసి "అంత పోసి కొన్నావు, అన్నం కలిపి ముద్దలు కూడా అదే పెడుతుందా?" అని నవ్వినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. గట్టిగా తిట్టడానికి కూడా వీల్లేకపోయింది. ఇవాళ ఆదివారం. న్యూజెర్సీలో మంచు పడుతోంది, ఎక్కడికీ కదిలేది లేదు. ఆ గిన్నె, అదే ల క్రూజే (Le Creuset) అనే ఫ్రెంచి కంపెనీ వాళ్ల ఎనామిల్ పూసిన పోత ఇనుప గిన్నె, ఇప్పుడు ఓవెన్‌లో ఉంది. అది దిగేలోపు నీకు రాసేస్తా.

ముందు డబ్బు సంగతి. నేను కొన్నప్పుడు కొత్తదయితే నాలుగు వందల డాలర్ల దాకా అయ్యేది. నేను ఔట్‌లెట్‌లో 240కి కొన్నాను. ఎక్కడో చిన్న మచ్చ ఉందని సెకండ్స్‌లో పెట్టారు. ఆ మచ్చ కోసం మీ చెల్లెమ్మా నేనూ దీపం పెట్టి మరీ వెతికాం, దొరకలేదు. నేను చేసిన తప్పల్లా అమ్మకు ధర రూపాయల్లో చెప్పడమే.

దీని పేరు Le Creuset అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నట్టే చదివితే తప్పవుతుంది. పలకాల్సింది 'ల క్రూజే' అని. ఫ్రెంచిలో ఆ మాటకు మూస అని అర్థం. మన కంసాలి బంగారం కరిగిస్తాడే, ఆ మూస. ఉత్తర ఫ్రాన్స్‌లో ఫ్రెనువా ల గ్రాన్ అనే ఊళ్లో 1925లో ఇద్దరు బెల్జియం వాళ్లు పెట్టిన కార్ఖానా. ఒకడికి ఇనుము పోత పోయడం వచ్చు, రెండోవాడికి ఎనామిల్ వేయడం వచ్చు. అక్కడితో కథ తేలిపోయింది చూడు, ఇద్దరూ కలిస్తే వచ్చిందే ఈ గిన్నె. మొదట వేసిన రంగు కూడా మూసలో కరిగిన ఇనుము రంగే, మండే నారింజ. మాదీ అదే రంగు. ఇసుక అచ్చులో పోత పోసి, ఒక్కో గిన్నెకి ఒక్కో అచ్చు పగలగొట్టేస్తారు. తర్వాత దానిమీద పూసేది పెయింటు కాదు, గాజు పొడి. ఎనిమిది వందల డిగ్రీల దగ్గర కాలిస్తే ఆ పొడి కరిగి ఇనుముకు అంటుకుపోతుంది. ఇది చదివిన రోజు నేను మీ చెల్లెమ్మతో "గాజులు తొడుక్కున్న ఇనుమే ఇది" అన్నాను. "నాకు మాత్రం బంగారువి కావాలి" అంది. నాకెందుకొచ్చిన గొడవ.

గాజు ఎందుకు పూయాలీ అంటావు. మీ నాయనమ్మ ఇనుప మూకుట్లో వేపుళ్లు చేసేది కానీ ఏనాడైనా పులుసు పెట్టిందా? చింతపండు తగిలితే ఇనుము ఊరుకోదు, పులుసు నల్లబడుతుంది, నోట్లో తుప్పు రుచి. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేదీ అందుకే కదా. మన వీధిలోకి కళాయి అతను వస్తే తిత్తి ఊదడానికి నువ్వూ నేనూ కొట్టుకునేవాళ్లం, గుర్తుందా? ఇత్తడికి తగరం పూసినట్టే ఇనుముకు గాజు పూశారు. అంతే తేడా. గోంగూర, చింతపండు, టమాటా, ఏదైనా గంటలకొద్దీ ఉడికించు, ఏమీ అవదు.

అయితే వండుతుంటే నాకు గుర్తొచ్చేది ఇత్తడి గిన్నె కాదురా, మీ ఇంట్లో రాచ్చిప్ప, ఆ రాతి గిన్నె. దించి పీట మీద పెట్టాక కూడా పప్పుపులుసు కుతకుతమంటూనే ఉండేది చూడు, అచ్చం అలాగే. మూతతో కలిపి అయిదు కిలోల పైనే ఉంటుంది ఇది. వేడెక్కడానికి బద్ధకం, చల్లారడానికి అంతకన్నా బద్ధకం. ఈ గుణం తెలిసినవాడు దీంతో వండగలడు, తెలియనివాడు మాడుస్తాడు. మొదటి వారం నేను మాడ్చాను. పోపు కదా అని మంట పూర్తిగా పెట్టేశా. పొయ్యి మీదున్న నడిమి భాగం నిప్పులా కాలింది, అంచులేమో ఇంకా చల్లగానే ఉన్నాయి. ఆవాలు చిటపటమనకుండానే బొగ్గయ్యాయి. తెల్లటి అడుగున అరచేయంత నల్ల మచ్చ. నీళ్లలో వంటసోడా వేసి మరిగిస్తే చాలావరకు వదిలింది, ఓ నీడ మాత్రం మిగిలింది. ఇప్పుడు సన్నటి మంట మీద నూనె వేసి ఏడెనిమిది నిమిషాలు వదిలేస్తున్నా.

ఇవాళ్టి వంట గోంగూర మాంసం. వేసవిలో పెరట్లో కాసిన గోంగూరని మగ్గబెట్టి ఫ్రీజర్లో దాచాం. కిలో మేక మాంసం, మూడు విడతలుగా వేశాను. ఒకేసారి కుమ్మరిస్తే నీరు ఊరుతుంది, ముక్క ఎర్రబడదు. వేసిన ముక్క మొదట అడుగుకి అంటుకుంటుంది, పీకబుద్ధవుతుంది. పీకకూడదు. కాసేపు ఓపిక పడితే అదే వదులుతుంది. ముక్కలు తీశాక అడుగున గోధుమరంగు పొర ఒకటి మిగులుతుంది. లోపలంతా లేత రంగు కాబట్టి అది ఎర్రబడుతోందా, నల్లబడుతోందా అని కళ్లకి కనబడుతుంది. ఉల్లిపాయలు వేసి, కాసిని నీళ్లు చల్లి, కొయ్య తెడ్డుతో గీకితే ఆ పొరంతా లేచొచ్చి ఉల్లిపాయల్లో కలిసిపోయింది. రుచంతా అక్కడే ఉందిరా. అల్లంవెల్లుల్లి, కారం, ముక్కలు అన్నీ వేసి మూత పెట్టి 160 డిగ్రీల ఓవెన్‌లోకి తోశాను, రెండున్నర గంటలు. గోంగూర ఆఖర్న. కుక్కరయితే ఆరు కూతల్లో ముక్క ఉడికిపోతుంది, కాదనను, కానీ రసం పలచగానే ఉండిపోతుంది. ఇందులో మూత కిందికి చేరిన ఆవిరి చుక్కలు చుక్కలుగా మళ్లీ కూర మీదే పడుతూ, మెల్లగా దగ్గరపడి, నూనె పైకి తేలుతుంది. స్టౌబ్ అని ఇంకో ఫ్రెంచి గిన్నె ఉంది, దాని మూత లోపల ఆ చుక్కలు పడటానికే చిన్న చిన్న బొడిపెలుంటాయి. లోపలంతా నలుపు. మాడుతోందో లేదో తెలియని నలుపు నాకు నచ్చలేదు.

ఇక అసలు ఘోరం చెప్తా, అమ్మకు చెప్పకు. గరిటెతో కూర కలిపాక దాన్ని గిన్నె అంచుకేసి టంగుమని కొట్టి దులుపుతాం చూడు, పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు. రెండో నెలలో చేపల పులుసు కలిపి అలాగే కొట్టాను, స్టీలు గరిటెతో. పెసరగింజంత గాజు ఎగిరిపోయింది. అంచు మీద నల్లటి ఇనుము బయటపడింది, మర్నాటికి ఎర్రగా తుప్పు. ఆ రోజు పులుసు మొత్తం పారబోశాను, గాజు పెచ్చు ఎందులో పడిందో ఎవడికి తెలుసు? మీ చెల్లెమ్మ మూడు రోజులు మాట్లాడలేదు, గిన్నె కోసం కాదు, పులుసు కోసం. అదృష్టం, దెబ్బ తగిలింది అంచు పైన. లోపల ఊడితే ఇక వండకూడదు. ఇప్పుడు కడిగిన ప్రతిసారీ అక్కడ ఓ బొట్టు నూనె రాస్తున్నా, మా నాన్న మోకాలికి రాసుకున్నట్టు.

పప్పుకి ఇప్పటికీ కుక్కరే. దోసెలకి ఇది పనికిరాదు, పాలు కాచడానికి అసలే వద్దు. నిండా కూరతో ఎత్తాలంటే రెండు చేతులూ, నడుమూ కావాలి. వేడిగా ఉండగా చన్నీళ్ల కింద పెట్టావో, గాజు కదా, చిట్లుతుంది. పైగా మా పొయ్యి అద్దం పలక, గిన్నెని జరిపితే గీతలు పడతాయి, ప్రతిసారీ ఎత్తి పెట్టాల్సిందే.

నువ్వు కొనాలా అని అడిగావు. నిజం చెప్తున్నా, వద్దు. మీ అటక మీద గోనెసంచిలో ఆ రాచ్చిప్ప ఇంకా ఉందో లేదో ముందు చూడు. పగుళ్లు లేకపోతే దించు. నాకు అది లేకే కదరా ఫ్రాన్స్ దాకా పోవాల్సొచ్చింది.

అన్నట్టు, వచ్చే నెల మీ బావమరిది ఇటు వస్తున్నాడన్నావు. వాడి చేత మంచి కొయ్య తెడ్లు రెండు పంపు, కాస్త పొడుగువి. ఇక్కడివన్నీ పొట్టి, చెయ్యి కాలుతోంది. ఓవెన్ మోగుతోంది, గోంగూర వెయ్యాలి. ఉంటా.

నీ
మూర్తి