మత్తు దిగేదాకా ఆగొద్దు, బి1 ఇంజెక్షన్ ఇవ్వమనండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తాగుడు మాన్పించే వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. మద్యం మీద మీకు వచ్చే ఉత్తరాల్లో అమ్మకాల గురించో, లివర్ గురించో ఉంటుంది. నేను అడిగేది మెదడు గురించి. బాగా తాగే అలవాటున్న మనిషి అయోమయంగా, తూలుతూ ఎమర్జెన్సీకి వస్తే వెంటనే థయమిన్, అంటే విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇవ్వాలని అన్ని ఆస్పత్రులకూ ఆదేశం ఇవ్వండి.

మెదడు గ్లూకోజ్‌ను శక్తిగా మార్చుకోవాలంటే బి1 కావాలి. ఒంట్లో దాని నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే. తిండి ద్వారా అందకపోతే రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. విపరీతంగా తాగేవాళ్లు సరిగా తినరు. తిన్నా, బి1ను పేగులు పీల్చుకోకుండా మద్యం అడ్డుపడుతుంది. దెబ్బతిన్న లివర్ దాన్ని నిల్వ చేసుకోలేదు. అప్పుడు మెదడు లోపలి భాగాలు కొన్ని పాడవడం మొదలవుతుంది. జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే 1881లోనే ఈ జబ్బును వర్ణించాడు. అయోమయం, నడకలో తూలు, కళ్ల కదలికలో తేడా దీని గుర్తులు. మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. పైగా తాగినవాడు తూలితే ఎవరికి అనుమానం వస్తుంది? "మత్తు దిగితే సర్దుకుంటాడులే" అని ఓ పక్కన పడుకోబెడతారు. పోస్ట్‌మార్టంలో బయటపడే కేసులు, బతికుండగా గుర్తించినవాటికన్నా చాలా ఎక్కువ.

బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తూ పోతే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోతుంది. షుగర్ పడిపోయిన మనిషికి గ్లూకోజ్ ఆపమనడం లేదు, బి1ను దానితోపాటే ఇవ్వమంటున్నాను. ఈ స్థితిలో మాత్రలు సరిపోవు, ఇంజెక్షనే కావాలి. అరుదుగా అలర్జీ రావచ్చు, దానికి సిద్ధంగా ఉండాలి.

ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు. బతికినవాళ్లలో చాలామందికి మిగిలేది రష్యన్ వైద్యుడు సెర్గీ కోర్సకోవ్ 1887లో వర్ణించిన మతిమరుపు. ఇది వయసు మీద పడితే వచ్చే మరుపు లాంటిది కాదు. పాత సంగతులు చాలావరకు ఉంటాయి, మాట తీరు చక్కగా ఉంటుంది, కొత్త విషయం మాత్రం నిలవదు. ఇప్పుడే చూసివెళ్లిన డాక్టరు మళ్లీ వస్తే రోగి కొత్తమనిషిని చూసినట్టు పలకరిస్తాడు. ఖాళీలను మెదడు కల్పనతో నింపుకుంటుంది. వారంగా మంచం దిగని మనిషి, నిన్న ఆఫీసుకు వెళ్లొచ్చానంటాడు. అతనికది నిజమే. ఇంట్లోవాళ్లు మాత్రం అబద్ధాలు నేర్చాడని తిట్టిపోస్తారు. ఆ తిట్టూ కాసేపటికి అతనికి గుర్తుండదనుకోండి.

ఇంతదాకా రానివాళ్ల మెదడుకూ దెబ్బే. రాత్రి నడిచి, మాట్లాడి, గొడవపడినవాడు పొద్దున ఏమీ తెలియదంటాడు. తక్కువ సమయంలో ఎక్కువ తాగితే, మెదడులోని హిప్పోకాంపస్ ఆ సంఘటనలను అసలు నమోదే చేయదు. గద్దించి అడిగినా లేనిది ఎక్కణ్నుంచి తెస్తాడు? ఏళ్ల తరబడి తాగితే మెదడు కుదించుకుపోతుంది, ముఖ్యంగా నిర్ణయాలు తీసుకునే ముందు భాగం. మానేస్తే కొన్ని వారాల్లోనే కోలుకోవడం మొదలవుతుంది, నెలల పాటు సాగుతుంది. అందుకే చేరిన మొదటి వారంలోనే కౌన్సెలింగ్ అంతా ముగించి పంపేయడం నాకు అర్థం కాదు. జ్ఞాపకం ఇంకా కుదురుకోని మనిషికి చెప్పిందే మళ్లీ చెప్పాలి, తర్వాత రావాల్సిన తేదీ కాగితం మీద రాసివ్వాలి. ప్రతి మద్య విముక్తి కేంద్రంలో జ్ఞాపకశక్తి పరీక్ష తప్పనిసరి చేయండి.

మీ ప్రచార పోస్టర్లలోనూ ఒక మాట చేర్చాలి. రోజూ విపరీతంగా తాగేవాళ్లు డాక్టరు సాయం లేకుండా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

ఆస్ట్రేలియా 1991లో బ్రెడ్ తయారీకి వాడే పిండిలో బి1 కలపడం తప్పనిసరి చేసింది. తర్వాతి పోస్ట్‌మార్టం పరిశీలనల్లో వెర్నికే వర్ణించిన ఆ మెదడు జబ్బు ఆనవాళ్లు తగ్గాయి. అలాంటి నిర్ణయానికి సమయం పడుతుంది, తెలుసు. ఇంజెక్షన్‌కు అంత సమయం అక్కర్లేదు. ఎమర్జెన్సీ కేసు షీట్‌లో "బి1 ఇచ్చారా? ఎన్నింటికి?" అని ఒక గడి పెట్టించండి. ఆర్నెల్ల తర్వాత ఆ గడి ఎన్ని షీట్లలో ఖాళీగా ఉందో లెక్క తీయించి బయటపెట్టండి.

ఇట్లు,
ఒక వార్డు నర్సు