సజ్జను కూల్చింది వాన కాదు

సంపాదకుల గారికి నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే మీ జిల్లా పేజీలో ఒక వార్త తప్పదు. ‘వర్షానికి నాని కూలిన సజ్జ’ అనో, ‘ముసురుకు ఊడిపడ్డ స్లాబ్ పెచ్చులు’ అనో వేస్తారు. మట్టి గోడయితే నాని కూలుతుంది, ఒప్పుకుంటాను. కిటికీ మీద ఉండే సిమెంటు సజ్జ నానదు. దాన్ని పగలగొట్టేది లోపలున్న ఇనుప సలాక, ఆ సలాకకు పట్టిన జంగు, అంటే తుప్పు. అది ఎన్నో ఏళ్ల కిందే మొదలై ఉంటుంది. నింద మాత్రం ఆ రోజు కురిసిన వాన మీద పడుతుంది.

ఈ మాట అనడానికి నాకు కొంత అనుభవం ఉంది, కొంత సిగ్గు కూడా ఉంది. సరిహద్దుల్లో రోడ్లు వేసే బార్డర్ రోడ్స్‌లో నేను సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. అందులో ఐదేళ్లు లద్దాఖ్‌లోనే. మరి కుమార్‌పల్లిలో నా సొంత ఇంటి సజ్జ పోయిన నెలలో ఊడి పడింది. కింద నా స్కూటర్ ఉంది కాబట్టి స్కూటర్‌తో పోయింది.

ముందు లద్దాఖ్ సంగతి చెబుతాను. అక్కడ కాంక్రీటు పని ఎండాకాలం నాలుగైదు నెలలే. ఒక ఏడాది పని వెనకబడి, అక్టోబర్ చివర్లో ఒక కల్వర్టుకు స్లాబ్ పోయాల్సి వచ్చింది. పగలు ఎండ చురుక్కుమంటుంది, పొద్దుగూకగానే సున్నా కిందికి దిగుతుంది. నీళ్లు కాచి కలిపాం. ఇసుకను రేకుల మీద పోసి కింద మంట పెట్టాం. పోసిన స్లాబ్ మీద గడ్డి, గడ్డి మీద టార్పాలిన్, దాని మీద పాత కంబళ్లు. రాత్రంతా వంతులవారీగా థర్మామీటర్ చూసుకుంటూ కాపలా కాశాం. జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు ‘సాబ్, మాకే కప్పుకోవడానికి చాలట్లేదు, సిమెంటుకు రజాయా’ అని నవ్వేవాళ్లు.

నవ్వులాటే కానీ, పోసిన రాత్రే గడ్డకట్టిందంటే ఆ కాంక్రీటు బలం సగం దాకా పోతుంది. తర్వాత ఎన్ని రోజులు కాపాడినా తిరిగి రాదు. నీళ్లు మంచుగా మారేటప్పుడు 9 శాతం ఉబ్బుతాయి. గాజు సీసాలో నిండా నీళ్లు పోసి, మూత బిగించి ఫ్రీజర్‌లో మరిచిపోయిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గట్టిపడ్డ పాత కాంక్రీటుకూ ఈ గండం ఉంది. సన్నటి రంధ్రాల్లో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్లీ గడ్డకడుతూ పొరలు పొరలుగా లేపుతుంది. అందుకే చలిదేశాల్లో సబ్బులా నురుగొచ్చే మందు కలిపి, వందకు నాలుగైదు పాళ్ల గాలిని కంటికి ఆనని బుడగలుగా కాంక్రీటులో నిలుపుతారు. ఉబ్బే మంచుకు అవి చోటిస్తాయి.

వరంగల్‌లో మనకు ఈ బాధ లేదు. ఆదిలాబాద్ వైపు చలి ఎంత కొరికినా స్లాబ్ లోపలి నీళ్లు గడ్డకట్టేంత లేదు. కానీ ఒక లెక్క చూడండి. నీళ్లు మంచయితే ఉబ్బేది 9 శాతం. ఇనుము జంగు పడితే ఉబ్బేది రెండింతల నుంచి ఆరింతల దాకా. మంచు ఎండకు కరిగి తగ్గుతుంది, జంగు తగ్గదు, ఏటా పేరుకుంటూనే ఉంటుంది. పైగా లద్దాఖ్‌లోని లే పట్టణంలో వానే తక్కువ, గాలి పొడి, ఇనుము అంత తొందరగా చెడదు. మనకు ఏడాదిలో వెయ్యి మిల్లీమీటర్ల దాకా పడుతుంది. తడవడం, ఎండడం, మళ్లీ తడవడం. జంగుకు ఇంతకన్నా ఏం కావాలి?

మరి అన్ని ఇళ్లూ ఎందుకు పడిపోవట్లేదంటే, మంచి కాంక్రీటు సలాకను కాపాడుతుంది. సిమెంటులో ఉన్న సున్నపు గుణం వల్ల లోపల పీహెచ్ (క్షారగుణపు కొలత) 12 పైనే ఉంటుంది, సలాక చుట్టూ కంటికి కనబడని రక్షణ పొర ఏర్పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి దిగుతూ ఆ గుణాన్ని చంపుతూ వస్తుంది. పీహెచ్ 9 దాకా పడిపోయిన చోట ఆ పొర పోతుంది. ఇక కాస్త తేమ, కాస్త గాలి చాలు.

అది సలాక దాకా చేరడానికి ఎన్నేళ్లు పడుతుందనేది కవర్ మీద, అంటే సలాకకూ బయటికీ మధ్య ఉన్న కాంక్రీటు మందం మీద, దాని గట్టిదనం మీద ఉంటుంది. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. కవర్ సగమైతే కాలం సగం కాదు, సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. 20 మిల్లీమీటర్లు దాటడానికి 40 ఏళ్లు పట్టే కాంక్రీటులో 10 మిల్లీమీటర్లే ఉంటే పదేళ్లకే సలాక దొరికిపోతుంది. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం వాన తగలని లోపలి భాగాలకే 20 కావాలి. గట్టి వానకు తడుస్తూ ఎండుతూ ఉండే చోట 45.

నా సజ్జ ఊడిన చోట టేపు పెట్టి కొలిచాను. 8 మిల్లీమీటర్లు.

ఆ ఇల్లు 1996 మేలో కట్టించాను. కట్టించానంటే, నేను లేలో ఉండి డబ్బు పంపాను, మా నాన్న చూసుకున్నాడు. మేస్త్రీ పాత మనిషే, పనిమంతుడే. సలాక కింద కవర్ మందం నిలపడానికి పెట్టే కవర్ బ్లాకుల బదులు కంకర ముక్కలు పెట్టాడు. సజ్జకు సలాక పైభాగంలో ఉండాలి, ఎందుకంటే గోడకు వేలాడే సజ్జ పైనుంచి సాగుతుంది. పోసేటప్పుడు కూలీలు తొక్కుతుంటే కంకర ముక్క జారింది, సలాక నడుమ దాకా దిగింది, అంచు దగ్గరయితే అడుగుకే అంటుకుంది. ఇక క్యూరింగ్. అంత ఎండలో స్లాబ్ మీద మళ్లు కట్టి నీళ్లు నిలిపి, సజ్జల మీద తడి గోనెసంచులు కప్పి, కనీసం పది రోజులు ఆరనివ్వకూడదు. మా బోరు ఎండిపోయిందట, మూడు రోజులు పైప్‌తో కొట్టి వదిలేశారు. అక్కడ నేను సర్కారు కల్వర్టుకు రజాయి కప్పాను. ఇక్కడ నా ఇంటికి గోనెసంచి కప్పే దిక్కు లేదు.

మనవరాలు డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతోంది. ఫినాఫ్తలీన్ సీసా ఒకటి కొనుక్కొచ్చి, అప్పుడే విరిచిన ముక్క మీద చుక్కలు వేసింది. ఆ సున్నపు గుణం మిగిలి ఉన్న చోట గులాబీ రంగు రావాలి. పై వైపు మధ్యలో వచ్చింది. అడుగు నుంచి సలాక దాటేదాకా ఒక్క చుక్క రంగు రాలేదు.

అసలు తప్పు ఇంకోటి చేశాను, అది రిటైరయి వచ్చాక, నా కళ్ల ముందే. సజ్జ అడుగున సలాక వెంబడే తిన్నగా ఒక పగులు, దాని పక్కన టీ డికాషన్ రంగు మరక కనిపించాయి. సాలెగూడులా అటూ ఇటూ పోయే సన్న పగుళ్లయితే చాలావరకు పైపై ప్లాస్టరింగ్‌వి. గీత గీసినట్టు సలాక దారినే పోయేది జంగు పగులు. ఈ తేడా తెలిసిన మనిషిని నేను. అయినా పెళ్లి హడావుడిలో సిమెంటు పూయించి పైన రంగు వేయించాను. పూత కింద జంగు ఆగదు. సరిగ్గా చేయాలంటే ముందు తేమ వచ్చే దారి మూయాలి, సలాక వెనక దాకా చెక్కాలి, వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకాలి, సలాక బాగా సన్నబడితే పక్కన కొత్తది వేయాలి, అప్పుడు మంచి సిమెంటు మసాలా పెట్టాలి. అంత చేసినా అతుకు పక్కన పాత కాంక్రీటులో మళ్లీ జంగు లేస్తుందేమోనని కనిపెట్టుకుని ఉండాలి.

మా చిన్నబిడ్డ కెనడాలో మాంట్రియల్ పక్కన ఉంటుంది. వాళ్ల దగ్గర లావాల్ అనే ఊళ్లో 1970లో కట్టిన ఫ్లైఓవర్ 2006 సెప్టెంబర్ 30న కూలి ఐదుగురు చనిపోయారు. విచారణలో తేలినవి చదివితే నా సజ్జే గుర్తొచ్చింది. సలాకలు ఉండాల్సిన చోట లేవు, కాంక్రీటు నాసిరకం, దాన్ని మంచు, ఆ మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కలిసి తినేశాయి. కూలిన రోజు పెచ్చులు పడుతున్నాయని కబురు అందితే ఒక ఉద్యోగి వచ్చి చూసి వెళ్లాడు కూడా. తర్వాత గంటలోపే పడిపోయింది.

‘వేయి స్తంభాల గుడి ఎనిమిది వందల ఏళ్లు దాటినా నిలిచింది, మీ సిమెంటు ముప్పై ఏళ్లు ఆగదా’ అని మా వాకింగ్ మిత్రుల ఎగతాళి. ఆ గుడి రాయి మీద రాయి బరువుతో నిలబడింది, స్లాబులా లోపల సలాకల జాలీ లేదు. రెంటికీ పోలిక పెట్టొద్దని చెప్పినా వినరు.

మీకు నా మనవి ఒక్కటే. వార్తలో వాన పేరు రాసే ముందు, ఊడిన చోట సలాక ఎంత లోపల ఉంది, ఎంత సన్నబడింది అని మీ విలేకరిని ఒక్కసారి చూసి రాయమనండి. ఫొటో దగ్గర నుంచి తీసినా చాలు. జూన్‌కు ముందు శిథిల భవనాలకు నోటీసులిచ్చే అధికారులు కూడా ఇల్లు కట్టిన ఏడాది అడిగి వెళ్లిపోకుండా, చేతిలో చిన్న సుత్తి పెట్టుకుంటే మంచిది. సజ్జ అడుగున, బాత్రూం కింద స్లాబ్‌కు తట్టి చూస్తే, గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా డప్పులా మోగుతుంది. దీనికి ఇంజనీరే రానక్కర్లేదు.

మిగిలిన మూడు సజ్జలూ తట్టి చూసి, రెండు తీయించేశాను. కిటికీలకు ప్రస్తుతం టార్పాలిన్లు కట్టాం. కొత్తవి పోయడానికి వచ్చిన కుర్ర మేస్త్రీ నిన్న అడిగాడు, ‘కవర్ బ్లాకులు ఎందుకు సార్, కంకర ముక్కలు పెడదాం’ అని. పొద్దున హంటర్ రోడ్‌కు వెళ్లి ఒక సంచి కవర్ బ్లాకులు కొనుక్కొచ్చాను.

ఇట్లు,
బార్డర్ రోడ్స్ రిటైర్డ్ సూపర్‌వైజర్,
కుమార్‌పల్లి, హనుమకొండ.