సావనదుర్గ ట్రెక్కింగ్ నిర్వహణలో నిర్లక్ష్యంపై ఫిర్యాదు

బెంగళూరు,
ఏప్రిల్ 16, 2025

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: ఈ నెల 13న జరిగిన సావనదుర్గ ట్రెక్కింగ్, చెల్లించిన సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

గత ఆదివారం మీరు నిర్వహించిన సావనదుర్గ ట్రెక్కింగ్‌కు నేను, పదిహేడేళ్ల మా మేనల్లుడు వచ్చాం. ఇద్దరికీ కలిపి 2,800 రూపాయలు కట్టాం. పరీక్షలు అయిపోయాయని వాణ్ణి ఈ కొండ కోసమే విజయవాడ నుంచి పిలిపించాను.

తెల్లవారుజామున 4 గంటలకు మారతహళ్లిలో బస్సు బయలుదేరుతుందని, 6 గంటలకల్లా ఎక్కడం మొదలుపెట్టి ఎండ ముదరకముందే దిగిపోతామని మీరు సందేశం పంపారు. బస్సు వచ్చింది 6:20కి. మరో మూడు చోట్ల ఆగి, మాగడి రోడ్డులో టిఫిన్లకు ముప్పావు గంట నిలిపి, కొండ కిందికి చేర్చేసరికి 9:40 అయింది.

వేరే కొండయితే సర్దుకుపోయేవాణ్ణి. సావనదుర్గ ఏకశిల. సముద్రమట్టానికి 1,226 మీటర్ల ఎత్తున్న ఆ కొండకు మెట్లు లేవు. తెల్లరంగు బాణం గుర్తులు చూసుకుంటూ నున్నటి గ్రానైటు వాలు మీద ఎక్కాలి. పొద్దెక్కేకొద్దీ ఆ రాయి పెనంలా కాలుతుంది. 11 గంటలకు నిటారుగా ఉన్న ఒకచోట అరచేయి ఆనిస్తే చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను. చేయి ఆనించకపోతే జారిపోతాం. ఇది మీకు తెలియని సంగతి కాదు, 6 గంటల సమయం పెట్టింది అందుకే కదా!

34 మందికి ఒకే గైడు. అతను ముందున్నవాళ్లతో పైకి వెళ్లిపోయాడు. శిఖరం ఇంకాస్త దూరంలో ఉందనగా మావాడికి పిక్కలు పట్టేశాయి. ముఖం పాలిపోయింది. కళ్లు తిరుగుతున్నాయంటూ వాలు మీదే కూలబడ్డాడు. మనిషికి రెండు సీసాల నీళ్లు ఇస్తామని చెప్పి ఒక్కటే ఇచ్చారు, అది అప్పటికే ఖాళీ. గైడుకు ఫోను చేస్తే, ప్రథమ చికిత్స పెట్టె బస్సులో ఉండిపోయిందన్నాడు. మాతో వచ్చిన ఒకావిడ తన దగ్గరున్న ఓఆర్ఎస్ పొడిని తన నీళ్లలోనే కలిపి, వాడికి గుక్కగుక్కగా తాగించింది. ఆవిడ భర్తా నేనూ తువ్వాలు చెరో కొస పట్టుకుని నీడ చేశాం. అరగంటకు గాని వాడు సరిగా మాట్లాడలేదు. మా అక్క నన్ను నమ్మి పంపిన పిల్లవాడు. ఓఆర్ఎస్ తాగించిన ఆవిడే లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది.

శిఖరం మీది నందిని చూడకుండానే, కూర్చుని జరుగుతూ కిందికి దిగాం.

గైడును నేను తప్పుపట్టడం లేదు. అంతమందికి ఒక్కణ్ణే పంపింది మీరు. ఎక్కవలసిన వేళ దాటిపోయిందని తెలిసీ యాత్రను ఆపకపోవడం మీ తప్పు.

మా 2,800 రూపాయలు పూర్తిగా వాపసు చేయండి. ఇకపై వేసవిలో బస్సు ఆలస్యమైతే ఎక్కడం రద్దు చేస్తామని, జట్టు వెనక కూడా ఒక గైడు నీళ్లతో, మందుల పెట్టెతో నడుస్తాడని రాతపూర్వకంగా తెలియజేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా కేసు వేస్తాను. రసీదు, మీ సందేశాల ప్రతులు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు