పర్షియా అమర సైనికులకు ముసుగులు తొడగవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ పత్రిక విద్యార్థుల పేజీలో ప్రాచీన పర్షియా చక్రవర్తికి చెందిన పదివేల మంది సైనికుల ‘అమర సేన’పై వచ్చిన వ్యాసానికి ఇనుప ముసుగులు తొడుక్కున్న దయ్యాల్లాంటి బొమ్మలు వేశారు. తిరుపతిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఇలాంటి పేజీలను కత్తిరించి దాచుకుంటారు కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఈ సేన గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసిందే. ఆయన ముసుగుల మాటే ఎత్తలేదు. మెత్తని టోపీలు, రంగురంగుల చేతుల చొక్కాలు, చేప పొలుసుల్లాంటి ఇనుప కవచాలు, అల్లిన డాళ్లు, పొట్టి ఈటెలు, కుడి తొడ పక్కన వేలాడే బాకులు పర్షియన్ సైనికుల వేషమని వర్ణించాడు. ఈ పదివేల మందిలో తొమ్మిది వేల మంది ఈటెల అడుగున వెండి దానిమ్మకాయలు, వారి చుట్టూ నడిచే వెయ్యి మంది ఈటెలకు బంగారు దానిమ్మకాయలు ఉండేవట. ఎవరైనా చనిపోయినా, జబ్బుపడినా ఆ స్థానంలో వెంటనే మరొకరిని నియమించి సంఖ్యను పదివేలకు తగ్గకుండా చూసేవారు. వారి అమరత్వమంతా ఆ ఏర్పాటులోనే ఉంది. అంత పెద్ద సామ్రాజ్యపు పాలనా దక్షతకు ఇంతకంటే మంచి ఉదాహరణ పిల్లలకు దొరకదు.

వారు ఓడిపోని వారేమీ కాదు. క్రీ.పూ. 480లో గ్రీసులోని థర్మోపిలే కనుమలో తమకంటే పొడవైన ఈటెలు పట్టిన గ్రీకులతో తలపడినప్పుడు, ఆ ఇరుకులో పదివేల మంది బలం అక్కరకు రాలేదు. పోరు చూస్తున్న చక్రవర్తి జెర్క్సెస్ తన సేనకేమవుతుందోనన్న భయంతో మూడుసార్లు సింహాసనం మీద నుంచి లేచాడని హెరోడోటస్ అంటాడు. ఆ తరువాత ఎఫియాల్టిస్ అనే స్థానికుడు గ్రీకుల వెనక్కి చేరే కొండదారి చూపగా, సేనాని హైడార్నెస్ వెంట దీపాలు పెట్టే వేళకు బయలుదేరి రాత్రంతా నడిచారు. తెల్లవారుజామున, గాలి కూడా లేని ఆ నిశ్శబ్దంలో, రాలిన ఓక్ ఆకులు వారి కాళ్ల కింద గలగలమన్న చప్పుడు వినేదాకా, గ్రీకుల తరఫున దారి కాస్తున్న వెయ్యి మంది ఫోకిస్ ప్రాంతపు సైనికులకు వారి రాకే తెలియలేదు. ఇంత సజీవమైన ఘట్టం ఉండగా కల్పిత ముసుగులెందుకు?

ఇక పర్షియన్లు తమ సైనికులను ఎలా చిత్రించుకున్నారో తెలియాలంటే, జెర్క్సెస్ తండ్రి డేరియస్ చక్రవర్తి సూసా నగరంలో కట్టించిన రాజభవనపు మెరుగు ఇటుకల గోడను చూడాలి. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మల్లో పువ్వుల అద్దకపు పొడుగు అంగీలు వేసుకుని, వీపున అమ్ములపొది, నిటారుగా పట్టిన ఈటెలతో, ఉంగరాల గడ్డాల మనుషులు వరుసగా నిలుచుంటారు. వారు అమర సైనికులేనని చాలామంది పండితుల అభిప్రాయం. అవునని శాసనమేదీ లేకపోయినా, రాజరక్షకుల రూపానికి ఆ కాలపు ముఖ్య సాక్ష్యాల్లో అదొకటి.

గ్రీసు మీదికి జెర్క్సెస్ సాగించిన ఆ యుద్ధయాత్రలో నూలు బట్టలు కట్టుకుని, ఇనుప ములుకుల బాణాలు పట్టిన భారతీయ సైనికులు కూడా ఉన్నారని హెరోడోటస్ రాశాడు. మన పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పాలి.

చంద్రగిరి రాజమహల్ మ్యూజియానికి పిల్లలను తీసుకెళ్లినప్పుడు విగ్రహం మీది వస్త్రాలను, ఆభరణాలను చూసి కాలాన్ని ఊహించమంటాం. పత్రికలూ అదే శ్రద్ధ చూపాలి. దయచేసి రాబోయే విద్యార్థుల పేజీలో సూసా గోడ చిత్రాన్ని, అది ఎక్కడిదో తెలిపే వివరంతో సహా ప్రచురించి, ముసుగుల బొమ్మ ఊహాచిత్రమని స్పష్టం చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి