టోపీ పెద్దావిడకు, ఇంకా కొందరికి

రాత్రి పదకొండు దాటింది. హమ్మింగ్‌బర్డ్ పిట్టలకు పంచదార పానకం పోసే ఫీడర్లు వేడినీళ్లతో కడిగి, బోర్లించి ఇప్పుడే కూర్చున్నాను. చేతులకు పంచదార జిగట ఇంకా వదలలేదు. ఈ కృతజ్ఞతలు రేపు రాద్దామనుకుంటే ఆఫీసు పనిలో పడి ఇక రాయనని నాకు తెలుసు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మే నెలలో మామయ్యగారు అమెరికాలో మా ఊరు ఆస్టిన్ వచ్చారు. మోకాళ్ల నొప్పి వల్ల ఎక్కువ నడవలేరు. పెరటి వరండాలో కుర్చీ వేసుకుంటే ఆయన లోకమంతా హమ్మింగ్‌బర్డ్‌లే. ఈ పిట్టలు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా లేవు. "మన తేనెపిట్టకు పెత్తండ్రి బిడ్డలా ఉంది" అన్నారు మొదటిరోజు. నిజానికి ఆ రెంటికీ చుట్టరికం లేదట, నేనేమీ దిద్దలేదు. మూడు గ్రాముల పిట్ట సెకనుకు యాభైసార్లు రెక్కలాడిస్తూ గాలిలో నిలబడి తాగుతుంటే, ఆయన చేతిలో కాఫీ చల్లారిపోయేది.

పంచదార ఒక గ్లాసు, నీళ్లు నాలుగు గ్లాసులు. ఆ పిట్టలకు పోసే కొలత అది. మామయ్యగారిదేమో తాపేశ్వరం పక్క ఊరు. కాజాల పాకం చూస్తూ పెరిగిన మనిషికి ఈ కొలత నచ్చలేదు. "గడప దాకా వచ్చిన చుట్టానికి నీళ్ల పానకం పోస్తామా?" అనుకుని, నాకు చెప్పకుండా గ్లాసుకు గ్లాసు కలపడం మొదలుపెట్టారు.

ఆగస్టు ఎండలకు చుట్టుపక్కల పువ్వన్నది లేకుండా పోయింది. ఇక తేనెటీగలు దిగాయి. ఫీడరు కనిపించనంతగా కమ్మేశాయి. వంటింటి తలుపు వేసినా హోరు వినిపించేది. పిట్ట వచ్చి, మూరెడు దూరంలో ఆగి, చూసి వెనక్కి తిరిగిపోయేది. ఎవరో చెప్పారని రంధ్రాల చుట్టూ నూనె రాశాను. అది పిట్టల ఈకలకు అంటుకుంటే వాటికే చేటని తరువాత తెలిసింది. నా తెలివి అంత. ఆ మర్నాడు మామయ్యగారు పానకం నింపబోయి మణికట్టు మీద రెండు, మెడ మీద ఒకటి కుట్టించుకున్నారు. చెయ్యి బూరెలా పొంగింది. అప్పుడు బయటపడింది గ్లాసుకు గ్లాసు సంగతి. నేను అరిచాను. పెద్దాయన అని కూడా చూడకుండా అరిచాను. ఆయన మారు మాట్లాడలేదు. నాలుగు రోజులు వరండాలోకి కూడా రాలేదు.

కాలనీ గ్రూపులో అర్ధరాత్రి నేను పెట్టిన మొరను చూసి, మర్నాడు సాయంత్రం ఒక పెద్దావిడ తలుపు కొట్టారు. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో. అంచులు చిరిగిన గడ్డి టోపీ, చేతిలో టీ వడపోసే జల్లెడ. ఆవిడ చెప్పిన మొదటి మాట క్షమాపణ. "నాలుగు వీధుల అవతల మా ఇంట్లో ఆరు తేనెటీగల పెట్టెలున్నాయి. వీళ్లలో సగం మా పిల్లలే అయి ఉంటారు. మీ పెద్దాయనను ఇబ్బంది పెట్టారు."

పొద్దు గూకేదాకా ఆగమన్నారు. చీకటి పడితే ఈగలు ఇంటికి పోతాయి. అప్పుడు ఫీడరు దించి, పానకాన్ని జల్లెడలో వంచారు. మునిగిపోయిన ఈగలు పదకొండు. రెండింటి కాళ్లు ఇంకా కదులుతున్నాయి. వాటిని అరచేతిలో వేసుకుని వరండా దీపం కింద కూర్చున్నారు. కాసేపటికి ఒకటి ఆవిడ బొటనవేలి మీదికి పాకి, ముందుకాళ్లతో మీసాలు తుడుచుకోసాగింది. రెండోది లేవలేదు.

తరువాత పానకంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. "ఇది ఎవరు కలిపారు?"

నాకు నోరు పెగల్లేదు. తలుపు చాటున నిలబడ్డ మామయ్యగారు, బడిలో పిల్లాడిలా, వాచిన చెయ్యి పైకెత్తారు.

ఆవిడ నవ్వారు. "వసంతంలో మా పెట్టెల్లో పెట్టేది సరిగ్గా ఈ కొలతే. పానకంలో తప్పు లేదు, చిరునామా తప్పింది. కలిపినవారిది పెద్ద చెయ్యి అని చెప్పండి" అన్నారు. నేను తెలుగులో చెప్పాను. నాలుగు రోజుల తరువాత మామయ్యగారు నవ్వారు. నేను టీ పెడతానని లోపలికి వెళ్లి, సింకు పట్టుకుని ఏడ్చాను. ఆయనను చిన్నబుచ్చింది నేను, ఆ బరువు దించిపోయింది ఎవరో దారినపోయే మనిషి.

ఆ రాత్రి ఆవిడ చెప్పినవన్నీ చేశాం. పాత సీసా ఫీడరు ఎండకు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి పానకాన్ని బయటికి నెడుతుందట, ఈగలకు విందు అదే. దాని బదులు పళ్లెం ఆకారంలోది పెట్టాం. అందులో పానకం రంధ్రానికి బాగా కింద ఉంటుంది, పిట్ట నాలుక అందుతుంది, ఈగ నాలుక అందదు. ఈగల కంటికి పసుపు బాగా ఆనుతుంది, ఎరుపు కనిపించదు. అందుకని పసుపు ప్లాస్టిక్ పూలు పీకేశాం. చోటు కూడా మార్చి నీడలో వేలాడదీశాం. ఒక్క ఈగ మేత కనిపెడితే గూటికి వెళ్లి నాట్యం చేసి మిగతావాటికి దారి చెబుతుందంటూ, ఆవిడ ఆ వయసులో నడుము ఊపి మరీ చూపించారు. (ఆ నాట్యం గుట్టు విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ ఇచ్చారని తరువాత చదివాను.) ఈగల కోసం వేరే గిన్నెలో చిక్కటి పానకం పెట్టనా అని అడిగితే వద్దన్నారు. ఊళ్లోని గూళ్ల ఈగలన్నీ ఒకచోట చేరితే రోగాలు అంటుకుంటాయట. గులకరాళ్లు వేసిన పళ్లెంలో నీళ్లు చాలన్నారు.

డబ్బు ముట్టలేదు. ఫ్రిజ్‌లో మిగిలిన మామయ్యగారి చిక్కటి పానకం సీసా మాత్రం అడిగి తీసుకెళ్లారు, పెట్టెల్లో పోయడానికి. మరో మూడు ఉదయాలు ఆరింటికే వచ్చి, గేటు బయటి నుంచే చూసి వెళ్లారు.

అసలు ఇంత దాకా ఎందుకు రావాలి? పురుగుమందు కంపెనీవాళ్లు చూడకుండానే ఫోనులో ధర చెప్పి "అన్నీ చచ్చిపోతాయి" అని హామీ ఇచ్చారు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు "కీటకాలను ఆకర్షిస్తున్నారు, పది రోజుల్లో తొలగించండి, లేకపోతే జరిమానా" అని కాగితం పంపారు, కింద సంతకం కూడా లేదు. జూన్‌లో చెరువు గట్టున పూసిన పూలమొక్కలను కలుపు అని గుండు గీయించినవారు వీళ్లే. పూలు కోయించి, ఈగలు మా గడపకొచ్చాయని మాకు జరిమానా! ఫోను చేస్తే ఒక్కొక్కరు ఇంకొకరికి కలుపుతారు. సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు.

మా ఆయన, పిల్లలు పక్కనే ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పేదేముంది.

ఈ ఉదయం ఎర్రగొంతు పిట్టలు రెండు ఒకదాన్నొకటి తరుముకుంటూ తాగాయి. వలసకు మెక్సికో సింధుశాఖ దాటాలి కదా, ఇప్పుడు ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటాయి. మామయ్యగారు గ్లాసు వెలుతురుకు పట్టి కొలిచి మరీ కలుపుతున్నారు.

అయ్యో, మరిచాను: రసీదు లేకపోయినా ఫీడరు మార్చి ఇచ్చిన దుకాణం కుర్రాడికి. రాత్రి రెండింటికి ఫోనెత్తి, ముల్లు ఉంటే గోటితో గీకి తీసేయమని, ఊపిరి ఇబ్బందైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లమని ఓపికగా చెప్పిన నర్సమ్మకు. ఎదురింటి పాపకు, చీమలు ఎక్కకుండా కొక్కేనికి నీళ్ల గిన్నె తగిలించింది తనే. ఇంకా ఎవరినో వదిలేశాను, గుర్తొస్తే రేపు చేరుస్తాను.